కపిస్కో: క-పి-స్కో అనాలా, క-పిస్-కో అనాలా?

టొరినో తమ్ముడు: ఇటాలియన్‌లో ‘కపిస్కో’ అంటే ‘నాకు అర్థమవుతోంది’. విడగొట్టి రాస్తే క-పి-స్కో అని పుస్తకంలో ఉంది. మేడం పలికితే క-పిస్-కో అని వినిపిస్తోంది. పలకడానికి ఏది కరెక్ట్?

బొలోన్యా బావ: పుస్తకమే కరెక్ట్. ఎస్ తర్వాత వేరే హల్లు వస్తే రెండూ కలిసి తర్వాతి ముక్కలోకి పోతాయి. ఫి-ని-స్కో (ముగిస్తాను) కూడా అంతే. ఒకే హల్లు రెండుసార్లు వస్తే చీలుతుంది: పర్-లె-రెమ్-మో (మాట్లాడేవాళ్లం).

ఛందోప్రియ: అది లైను చివర మాట విరిచే నియమం అండీ, నోటికి కాదు. నొక్కు పడిన ముక్క అచ్చుతో ముగిస్తే ఆ అచ్చు మామూలుగా సాగుతుంది: కపీతో (అర్థమైంది). ‘కపిస్కో’లో సాగదు, ఎస్ దాన్ని మూసేస్తుంది కాబట్టి. మనం ‘పుస్తకం’లో ‘స్త’ కలిపే రాస్తాం, కానీ గణవిభజనలో ‘పు’ గురువు కాదా?

బొలోన్యా బావ: ఇటాలియన్ అడిగితే గణాలెందుకు? పరీక్షలో క-పిస్-కో రాస్తే కొట్టేస్తారు.

ఛందోప్రియ: అతను అడిగింది పలకడం గురించి.

మిలాన్ చిన్నోడు: ఒక్క ఎస్ కోసం ఇంత యుద్ధమా 😂

పాదొవా పద్మ: ‘తెలుగులాగే, ఎలా రాస్తే అలా చదవండి’ అని ఇక్కడే ఎవరో అంటే నమ్మాను. ‘వాళ్లు మాట్లాడతారు’ అనడానికి పర్లానో అన్నాను, నొక్కు ‘పర్’ మీదట. తెలేఫోననో (వాళ్లు ఫోన్ చేస్తారు)లో అయితే ‘లే’ మీద, దాని తర్వాత ఇంకా మూడు ముక్కలు. రాతలో ఒక్క గుర్తూ ఉండదు. ఇంటి యజమానితో ‘పగెరేమో’, అంటే అద్దె కడతాం అనబోయి, గట్టిగా నొక్కి ‘పగెరెమ్మో’ అన్నాను. కట్టేవాళ్లమే అన్నట్టయింది. గది ఇంకొకరికి పోయింది.

బొలోన్యా బావ: ఆ మాట అన్నది నేనే, ఇప్పుడూ అంటాను. మొదటి నెలలోనే నొక్కులూ గురువులూ అంటే ఒక్కడూ నోరు తెరవడు.

ఛందోప్రియ: ఇదన్నమాట అసలు గొడవ! ఎస్ కాదు. ముందు ఎలాగోలా మాట్లాడనీ, తర్వాత దిద్దుదాం అంటారు మీరు. ఆ తర్వాత దిద్దేదెవరు? ఏళ్లుగా ఇక్కడున్న మనవాళ్లు ‘ఆబితనో’ (వాళ్లు నివసిస్తారు)ని ఇంకా ‘అబితానో’ అనే అంటున్నారు.

బొలోన్యా బావ: అన్నా ఉద్యోగాలు చేసుకుంటున్నారుగా! మీ క్లాసులో చేరినవాళ్లు ఇంకా ‘కపిస్కో’ దగ్గరే ఉన్నారు.

ఛందోప్రియ: వ్యక్తిగతంగా వద్దు.

టొరినో తమ్ముడు: సరే, క-పి-స్కో అని రాస్తా, క-పిస్-కో అని పలుకుతా. ‘స్తూద్యనో’ (వాళ్లు చదువుతారు) ఎన్ని ముక్కలు?

బొలోన్యా బావ: మూడు. స్తు-ద్య-నో.

ఛందోప్రియ: ‘ఇన్వీఅనో’ (వాళ్లు పంపుతారు) మాత్రం నాలుగు. ‘నువ్వు’ రూపం చూడు తమ్ముడూ: రాతలో స్తూదికి చివర ఒక్క ఐ (i) అక్షరం, ఇన్వీకి రెండు. ఇది ఏ రాతలో చదివితే తెలుస్తుందో బావగారినే అడుగు.