ఒక్కొక్కరికీ విడిగా కోర్టు ఆర్డరు ఉన్నా అది సామూహిక దేశ బహిష్కరణ అవుతుందా? (జార్జియా – రష్యా, 2006)

ప్రశ్న: లా విద్యార్థిని, విశాఖ

మా కాలేజీ మూట్ కోర్టుకి (విద్యార్థులు లాయర్లలా వాదించే పోటీ) ఐరోపా మానవ హక్కుల కోర్టులో నడిచిన జార్జియా వర్సెస్ రష్యా మొదటి కేసు వచ్చిందండీ. నేను జార్జియా తరఫున వాదించాలి. 2006 సెప్టెంబరు 27న జార్జియాలో నలుగురు రష్యా సైనికాధికారులను గూఢచర్యం కింద అరెస్టు చేశారు. వాళ్లను అప్పగించేశాక కూడా రష్యా అక్టోబరు 3 నుంచి విమానాలు, రైళ్లు, ఉత్తరాలు ఆపేసింది. ఆ రోజుల్లోనే తన దేశంలోని జార్జియన్లను పట్టుకుని పంపేయడం మొదలుపెట్టింది. ఇంతవరకూ అర్థమైంది. కానీ పంపేసిన వాళ్లమీద విడివిడిగా కోర్టు ఆర్డర్లున్నాయి. వీసా గడువు దాటిందనో, రిజిస్ట్రేషన్ లేదనో రాశారు. ఇక సామూహికం అని ఎలా నిలబెట్టాలి?

జవాబు 1

ఉండకూడని వాళ్లు ఉంటే ఏ దేశమైనా పంపేస్తుంది. మీ పక్షం బలహీనంగానే ఉంది.

జవాబు 2: అడ్వకేటు, హైదరాబాద్

పై సోదరుడి మాటతో ఒప్పుకోను. ఐరోపా మానవ హక్కుల ఒప్పందానికి చేర్చిన నాలుగో ప్రోటోకాల్ (అనుబంధ ఒప్పందం) నాలుగో అధికరణ విదేశీయుల సామూహిక బహిష్కరణను నిషేధిస్తుంది. వాళ్లు చట్టబద్ధంగా ఉన్నారా లేదా అన్న తేడా అక్కడ లేదు. ఆ తేడా ఏడో ప్రోటోకాల్ మొదటి అధికరణలో ఉంది. దాని జోలికి ఎక్కువ వెళ్లకమ్మా, సాక్ష్యం చాలక జార్జియా ఆ అంశం ఓడిపోయింది.

నీ అసలు ప్రశ్నకొస్తే, ఆర్డరు కాగితం ఒక్కటే చూస్తే ఎప్పుడూ సక్రమంగానే కనబడుతుంది. అన్నీ ఒకచోట పేర్చి చూడాలి. స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల కోర్టు చేసిన పని అదే. 2011లో 21 మంది సాక్షులను తానే పిలిచి విచారించింది. దారిలో పత్రాలు చూడటం, స్టేషనుకు తీసుకెళ్లడం, గుంపుగా కోర్టుకు తోలడం, సగటున ఐదు నిమిషాల్లో విచారణ ముగించడం: బాధితులు చెప్పిన వరస దాదాపు ఒకటే. కొందరైతే జడ్జి ముఖమే చూడలేదు, చదవకుండానే సంతకం పెట్టారు. ప్రతి మనిషి పరిస్థితినీ నిజంగా, నిష్పాక్షికంగా పరిశీలించకపోతే ఆర్డర్లు ఎన్ని ఉన్నా లాభం లేదని కోర్టు చెప్పింది. నీ మెమోరియల్‌కి (రాతపూర్వక వాదనకి) వెన్నెముక ఇదే.

తర్వాత లెక్కలు. అంతకుముందు నెలకు 80–100 మందిని పంపేవారని, అక్టోబరు నుంచి అది 700–800 అయిందని జార్జియా చూపింది. 2007 జనవరి చివరిదాకా 4,634 ఆర్డర్లని, అందులో 2,380 మందిని నిర్బంధించి పంపారని చెప్పింది. రష్యా మాత్రం ఏడాది, అర్ధసంవత్సరం లెక్కలే ఉన్నాయంది, నెలలవారీవి లేవంది. నాకైతే ఈ కేసులో అన్నింటికన్నా రుచించే ఘట్టం దీని తర్వాతది. జార్జియన్లను గుర్తించి పంపమని అధికారులకు వెళ్లిన సర్క్యులర్లను ఇమ్మని కోర్టు అడిగితే, రష్యా రహస్య పత్రాలని ఇవ్వలేదు. కోర్టు దాన్ని 38వ అధికరణ (విచారణకు దేశాలు సహకరించాలన్న నియమం) ఉల్లంఘన అంది. జార్జియా చెప్పిన అంకెలను నమ్మదగినవిగా తీసుకుంది. అవతలివాళ్లు “సాక్ష్యమేదీ” అని అడిగితే, దాచింది ఎవరని తిరిగి అడుగు.

2014 జులై 3 తీర్పు మొత్తం చదువు, సారాంశం చాలదు. నిర్బంధం చట్టవిరుద్ధమని, కిక్కిరిసిన గదుల్లో ఉంచడం అమానుషమని కూడా తేల్చింది.

ప్రశ్న వేసినవారు

చాలా థాంక్స్ సర్. నష్టపరిహారం గురించి జడ్జిలు అడిగితే?

జవాబు 2

2019 జనవరి 31న కోర్టు రష్యాను కోటి యూరోలు ఇవ్వమంది. జార్జియా 1,795 పేర్ల జాబితా ఇస్తే, రెండుసార్లు వచ్చిన పేర్లు, బాధితులు కానివాళ్లు పోగా కనీసం 1,500 మంది కింద లెక్కగట్టింది. బహిష్కరణ మాత్రమే జరిగిన వారికి 2,000 యూరోలు, నిర్బంధంలో కూడా ఉన్నవారికి 10,000 నుంచి 15,000. ఈ కోర్టు ఏ సంస్థ కిందిదో ఆ ఐరోపా మండలి 2022లో రష్యాను బయటికి పంపేసింది. అయినా పాత తీర్పుల బాధ్యత దాని మీద ఉంటుంది. వసూలు సంగతి వేరు, దానిమీద ఎక్కువ మాట్లాడకు.

జవాబు 3: కడప

మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. మా బావ కువైట్‌లో ఉన్నాడు. మన దేశానికీ అక్కడి ప్రభుత్వానికీ చెడి, ఇట్లే మనోళ్లను తోలేస్తే ఈ తీర్పు పనికొస్తాదా సార్?

జవాబు 2

నేరుగా పనికిరాదు బాబూ, అది ఐరోపా ఒప్పందం. అరబ్ మానవ హక్కుల చార్టర్ 26వ అధికరణలోనూ సామూహిక బహిష్కరణ నిషేధం ఉంది, కువైట్ అందులో చేరింది. కానీ బావ వెళ్లి తలుపు తట్టడానికి స్ట్రాస్‌బర్గ్ లాంటి కోర్టు అక్కడ లేదు. పోనీ మన దేశం చేత కువైట్‌ను గట్టిగా అడిగిద్దామంటే, 1979లో పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరేటప్పుడు విదేశీయుల బహిష్కరణకు సంబంధించిన 13వ అధికరణ మీద మనమే మినహాయింపు పెట్టుకున్నాం.

పని చేసేది ముందు జాగ్రత్తే. సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు), పాస్‌పోర్టు, ఒప్పందం, జీతం స్లిప్పుల ఫొటోలు మీ ఇంట్లో ఎవరి ఫోన్లోనైనా ఉంచండి. పట్టుకుంటే తేదీ, చోటు, చేతికిచ్చిన ప్రతి కాగితం ఫొటో, పక్కనున్న ఇద్దరు ముగ్గురి పేర్లు రాసుకోవాలి. అరబీలో ఉన్నదాని మీద అర్థం కాకుండా సంతకం పెట్టాల్సి వస్తే, ఆ మాట అప్పుడే రాసిపెట్టుకోవాలి. రావలసిన జీతం లెక్క విడిగా రాసి మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి, ఎంబసీకి అదే కాపీ పంపండి.

జవాబు 3

సరే సార్. రేపు శుక్రవారం, బావకు సెలవే. ఫొటోలు తీసి పంపమని చెప్తా.