పేవర్ బ్లాకుల సందుల్లో చీమలు, కలుపు: సిమెంటుతో పూడ్చవచ్చునా?

ప్రశ్న:
రాజమహేంద్రవరంలో మా ఇంటి గేటు నుంచి పోర్టికో వరకు నాలుగేళ్ల క్రితం 60 మి.మీ. మందం గల సిమెంటు పేవర్ బ్లాకులు వేయించాము. ఈమధ్య సందుల్లోంచి చీమలు ఇసుకను కుప్పలు కుప్పలుగా పైకి తోడిపోస్తున్నాయి. గరిక, తుంగ, గలిజేరు విపరీతంగా మొలుస్తున్నాయి. కారు నిలిపే చోట కొన్ని బ్లాకులు కుంగాయి కూడా. సందులన్నింటినీ సిమెంటు పాలతో పూడ్చేస్తే ఈ బెడద శాశ్వతంగా వదులుతుందని మేస్త్రీ అంటున్నారు. అలా చేయించవచ్చునా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

జవాబు:
దయచేసి సిమెంటు పోయించకండి. ఒక బ్లాకు మీద పడిన చక్రం బరువును పక్క బ్లాకులకు పంచేది సందులోని ఇసుకే. బరువుకూ ఎండకూ బ్లాకులు కంటికి కనిపించనంతగా కదులుతూనే ఉంటాయి కాబట్టి, 2 నుంచి 4 మి.మీ. వెడల్పుండే సందులో గట్టిపడిన సిమెంటు త్వరలోనే చిట్లుతుంది. ఆ చీలికల్లోకి దిగిన దుమ్ములోనే మళ్లీ గడ్డి వేరు పట్టుకుంటుంది. రేపు నీళ్ల పైపు కోసం నాలుగు బ్లాకులు లేపాలన్నా పగలగొట్టక తప్పదు.

మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ మూలం సందుల్లో ఇసుక తరిగిపోవడమే. ముందుగా చీమలు తోడిపోసిన కుప్పను వేళ్లతో నలిపి చూడండి. బూడిద రంగు రోబో ఇసుకో, బ్లాకుల కింద పరిచిన ఇసుకో అయితే పుట్ట పైపొరలోనే ఉన్నట్టు. ఎర్రమట్టి గానీ నల్లమట్టి గానీ వస్తోందంటే చీమలు ఆ ఇసుక కింద ఉండే కంకర పొరను దాటి నేలలోకి వెళ్లాయని అర్థం. అప్పుడు పైపైన నింపితే చాలదు, కుంగిన చోట బ్లాకులు లేపి కింది పొరను చూసుకోవలసిందే.

కలుపు విషయానికి వస్తే, గలిజేరు వంటి మొక్కల గింజలు పైనుంచే, గాలికి చేరిన దుమ్ములో పడి మొలుస్తాయి. గరిక ఎక్కువగా అంచుల నుంచి పాకుతుంది. తుంగ మాత్రం కింది గడ్డల నుంచి లేస్తుంది కాబట్టి ఆకు పీకినకొద్దీ మళ్లీ వస్తుంది. ఆ బ్లాకు తీసి, గొలుసుకట్టుగా ఉన్న గడ్డలను తవ్వి పారేయాలి.

ఇసుక నింపే పనిని వానలకు ముందు, ఎండలు బాగా కాసే రోజుల్లో పెట్టుకోండి. పాత హాక్సా బ్లేడుతో సందులోని మట్టిని, కలుపు వేళ్లను ఒక అంగుళం లోతు వరకు గీకి తీసి శుభ్రంగా ఊడ్చండి. 2.36 మి.మీ. జల్లెడలో దిగిన రోబో ఇసుకను ఎండబెట్టి వాడండి. వేళ్ల మధ్య నలిపితే పిండిలా అంటుకునే క్రషర్ డస్టు వద్దు, అది తేమను పట్టి ఉంచి కలుపును పెంచుతుంది. ఇసుకను పరిచి, చీపురుతో సందులకు ఏటవాలుగా ఊడుస్తూ నింపి, అడుగున రబ్బరు మ్యాటు కట్టిన ప్లేట్ వైబ్రేటర్ (అదురుతూ నేలను అదిమే యంత్రం) తిప్పించండి. తిప్పిన ప్రతిసారీ ఇసుక దిగుతుంది, మళ్లీ నింపాలి. బ్లాకు పైఅంచుకు సుమారు 3 మి.మీ. దిగువన ఇసుక నిలకడగా ఆగేదాకా ఈ పని మానకూడదు. మొదటి వానలు పడ్డాక ఇంకొంచెం దిగుతుంది కాబట్టి ఒక బస్తా ఇసుక అట్టిపెట్టుకోండి.

అడిగినవారి మరో సందేహం:
కృతజ్ఞతలు. చీమలకు ఇదివరకు గమాక్సిన్ చల్లేవాళ్లం. గడ్డికి గ్లైఫోసేట్ కొట్టమని కొందరు చెబుతున్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఏం చేయమంటారు?

జవాబు:
రెండూ వద్దండి. గమాక్సిన్‌లో ఉండే లిండేన్ వాడకాన్ని మన దేశంలో 2013లో నిషేధించారు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని కేంద్రం 2022లో ఆంక్ష పెట్టింది. లేత కలుపుకు మరిగే నీళ్లు పోస్తే చాలు. ఉప్పు, వెనిగర్ మాత్రం పోయకండి; ఉప్పు పక్కనున్న మొక్కల నేలను చెడగొడుతుంది, వెనిగర్ సిమెంటును తినేస్తుంది.

చీమలకు అర లీటరు నీటిలో 50 గ్రాముల పంచదార, 5 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, దూదిని తడిపి చిల్లుల మూత ఉన్న డబ్బాలో పెట్టి, పిల్లలకు, పెంపుడు జంతువులకు అందని విధంగా చీమల దారిలో ఉంచండి. తీపి తినే చీమలు దాన్ని మోసుకెళ్లి పుట్టలోని రాణికి కూడా పెడతాయి. బోరిక్ యాసిడ్ మోతాదు ఎక్కువైతే చీమలు దారిలోనే చస్తాయి కనుక ఈ కొలత పెంచకండి, ఆ చుట్టుపక్కల స్ప్రేలూ కొట్టకండి. పుట్ట ఖాళీ అయ్యాకే సందులు నింపండి.

మరొక సభ్యుని సూచన:
పై సమాధానానికి రెండు విషయాలు కలుపుతాను. కుంగిన చోట గుంటను ఇసుకతోనే ఎత్తు చేయకండి. బ్లాకుల కింద ఇసుక 20 నుంచి 40 మి.మీ. మందమే ఉండాలి, అంతకు మించితే చక్రం బరువుకు మళ్లీ దిగుతుంది. లోతు ఎక్కువగా ఉంటే ముందు కంకర, డస్టు కలిపి తడిపి దిమ్మిస కొట్టి, ఆపైన ఇసుక పరిచి బ్లాకు పెట్టండి. అంచున కాంక్రీటు కట్టు వదులైతే బ్లాకులు పక్కకు జరిగి సందులు వెడల్పవుతాయి, ఎంత నింపినా నిలవదు కాబట్టి దాన్ని కూడా పరిశీలించండి. కారు కడిగే ప్రెషర్ పైపు మొనను సందుల మీదికి నిటారుగా పట్టవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.