ఈ వారం సమస్య: చుక్కలోన నింగి చిక్కుకొనియె

తంగేడు (నిర్వాహకురాలు):
మిత్రులారా, ఈ వారం పాదం ఇది. ఎప్పటిలాగే దీన్ని చివరి పాదంగా పెట్టి ఆటవెలది పద్యం పూరించాలి.

*చుక్కలోన నింగి చిక్కుకొనియె*

నింగిలో చుక్క ఉంటుందని అందరికీ తెలుసు. దాన్ని తిరగేస్తే ఎలా ఉంటుందా అన్న ఆలోచన వచ్చినప్పటి నుంచి ఈ పాదం నా నాలుక మీదే ఆడుతోంది. పురాణాల దాకా వెళ్లనక్కర్లేదు. రోజూ కళ్ల ముందే ఉండి మనం పట్టించుకోనివి తీసుకోండి. బొమ్మ, పాట, కిటికీ, కాగితం, ఏదైనా సరే. చుక్క అంటే అందగత్తె అంటూ మొదలయ్యే పూరణలు మాత్రం ఈసారి వద్దు. అవి ఇప్పటికే చాలా చదివాం.

అరసున్న:
చు–చి యతి కుదరలేదని ఎవరో ఒకరు వస్తారు కనుక ముందే చెబుతున్నా, ఇది ప్రాసయతి. చుక్క–చిక్కు అని రెండో అక్షరాలు కలిస్తే చాలు. ఇక నా అభ్యంతరం వేరు. పెద్దది చిన్నదాంట్లో దూరడం మనకు పాత దారే. "కుంజరయూధంబు దోమకుత్తుక జొచ్చెన్" (ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరింది) అని ఇస్తే తెనాలి రామకృష్ణుడు పాండవుల్ని విరటుడి కొలువుకు పంపి గట్టెక్కించాడని చాటువు చెబుతుంది. అక్కడ ఏనుగులూ దోమా రెండూ ఉపమానాలైపోయాయి. ఇక్కడ అలా తప్పుకునే దారి లేదు. నీటిబొట్టులో ఆకాశం నిజంగానే కనిపిస్తుంది. నిజమైనది సమస్య ఎలా అవుతుంది?

తంగేడు (నిర్వాహకురాలు):
నిజమే అయినా చదవగానే ఒక్క క్షణం నమ్మబుద్ధి కాదు కదా మాష్టారూ. ఆ క్షణం కోసమే ఇచ్చాను.

గరిక:
మొదటి పూరణ నాది.

గడ్డి మొలక కొనను కదలాడు మంచులో
తొంగి చూడ నాకు తోచె జగతి
యింత చిన్న చోట నెంత పెద్దదొ చూడు
చుక్కలోన నింగి చిక్కుకొనియె

అరసున్న:
నడక శుభ్రంగా ఉందమ్మా. "ఇంత చిన్న చోట నెంత పెద్దదొ" అన్నది వేమన్న చేతి పద్యంలా సాఫీగా సాగింది. కానీ రెండో పాదంలోనే జగతి అంతా తోచేశాక మూడో పాదంలో ఆశ్చర్యపోవడం ఆలస్యం. ఆశ్చర్యాన్ని దాచి ఉంచితే నాలుగో పాదానికి బలం వచ్చేది.

గాలిపటం:
మంచుబొట్టు ఎవరికైనా తట్టేదే. గరిక గారు ముందు రాసేశారు కాబట్టి మిగతావాళ్లకు ఆ దారి మూసుకుపోయింది, మంచిదే అయింది. నాది చూడండి.

నేల పైకి నెక్కె, నింగి కిందికి దిగె,
తలలు కిందులయ్యె ధాత్రియెల్ల,
గాజుపలక మీద గాలివానల వేళ
చుక్కలోన నింగి చిక్కుకొనియె

ఆకాశం బొట్టులో ఉందని అందరూ అంటారు. ఎటు ఉందో ఎవరూ చూడరు. వాన వెలిశాక కిటికీ అద్దానికి అంటుకున్న బొట్టు దగ్గరికి కన్ను పెట్టి చూడండి. ఇళ్లూ చెట్లూ పైన వేలాడుతుంటాయి, ఆకాశం అడుగున ఉంటుంది.

తంగేడు (నిర్వాహకురాలు):
ఇది చదివి లేచి వెళ్లి కుళాయి నీళ్లు అద్దం మీద చిలకరించి చూశాను. నిజమే! ఎన్నేళ్లుగా ఆ కిటికీ దగ్గరే కూర్చుంటున్నానో.

అరసున్న:
రెండు మాటలు. "తలకిందులు" అన్నది జాతీయం. దాన్ని "తలలు కిందులు" అని విరవడం గణం (పాదంలో పొట్టి, పొడుగు అక్షరాల కొలత) కోసం చేసిన పని. ఇక బింబం సంగతి. గుండ్రని మెరిసే తలం మీద ప్రతిబింబం నిటారుగానే ఉంటుంది. స్టీలు గరిటె వెనక వైపు ముఖం చూసుకుంటే తెలుస్తుంది. కాబట్టి గాలిపటం గారి మొదటి పాదం అందంగా ఉంది కానీ సత్యం కాదు.

గాలిపటం:
మాష్టారూ, "తలలు" కావాలనే వేశాను. ధాత్రి యెల్ల అన్నాను కదా, చెట్ల తలలు, మేడల తలలు, మనుషుల తలలు అన్నీ కిందికే. గరిటె సంగతి గరిటెదే. నేను బొట్టు మీద చూడలేదు, బొట్టు గుండా చూశాను.

గరిక:
ఇద్దరూ సరిగ్గానే చెబుతున్నారు. బొట్టు పై తలం నుంచి వెనక్కి వచ్చే వెలుతురులో మన వైపు ఉన్నవి చిన్నగా, నిటారుగా కనిపిస్తాయి. అవతలి నుంచి బొట్టు లోపలికి వచ్చే వెలుతురు వంగుతుంది. నీటి వక్రీభవన గుణకం (వెలుతురును వంచే కొలత) సుమారు 1.33, గాలిది దాదాపు 1. అందుకే బొట్టు ఒక చిట్టి కటకమైపోయి అవతలి దృశ్యాన్ని తలకిందులు చేస్తుంది. ఒకే బొట్టులో రెండు బొమ్మలూ ఉంటాయి. మన కన్ను దేని మీద నిలిస్తే అది కనిపిస్తుంది. ఈ రెండో సంగతి ముందే తట్టి ఉంటే నా పద్యం వేరేలా వచ్చేది.

అరసున్న:
అలాగైతే మొదటి పాదం మీద అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నా. "తలలు" మీద మాత్రం కాదు.

చిత్రలేఖ:
నేను బొమ్మలు వేసుకునేదాన్ని. పద్యం కొత్త, అయినా ఈ పాదం వదల్లేదు.

కుంచె జారి పడిన కొంచెమౌ నీలమే
తెల్ల కాగితమున తిరిగి పారె;
పాప చూచి యనెను పకపక నవ్వుచు
"చుక్కలోన నింగి చిక్కుకొనియె"

నీటిరంగులు వేసేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యేదే. తడి కాగితం మీద రంగు పడితే అంచులు వాటంతట అవే పాకుతాయి. మధ్యలో ముదురుగా, చుట్టూ పలచగా తెల్లవారుజాము ఆకాశంలా పరుచుకుంటుంది. చాలామంది దాన్ని పాడైన బొమ్మ అనుకుని పారేస్తారు. నేను పారేయను.

అరసున్న:
చాలా బాగుందమ్మా చిత్రలేఖా! కుం–కొం, తె–తి, పా–ప, యతి ఎక్కడా తొణకలేదు. "తిరిగి పారె" అన్న చోట తడి కాగితం కళ్లకు కట్టింది. పాప నోట పెట్టడం సహజంగా అమరింది.

గాలిపటం:
పాప నోట పెట్టడం సహజమా మాష్టారూ? మొన్న "రాయి కరిగి పాడె రాగమొకటి" సమస్యకు నేను "నిద్ర లేచి చెప్పె నేస్తమొక్కడు నాకు" అని రాస్తే మీరేమన్నారు? "సమస్యను ఎవరి నోటిలోనో కుక్కి చేతులు దులుపుకోవడం పూరణ కాదు" అన్నారు. మాట మారకుండా గుర్తుంది నాకు. ఇప్పుడు అదే పని వేరేవాళ్లు చేస్తే సహజంగా అమరిందా? చిత్రలేఖ గారి పద్యం నాకూ నచ్చింది, నా గొడవ ఆవిడతో కాదు.

అరసున్న:
తేడా ఉంది. మీ నేస్తం కలగన్నాడు. కలలో ఏదైనా జరుగుతుంది, ఆ వాక్యం నిజం కానక్కర్లేదు. ఈ పాప కళ్లెదుట ఉన్నదాన్ని చూసి అంటోంది. వాక్యం నిజమైంది, చెప్పే నోరు మాత్రం పాపది. పెద్దవాళ్లయితే "అయ్యో, రంగు ఒలికింది" అంటారు. ఆ మాట అనగలిగేది పాపే. అందుకే ఆ నోరు అక్కడ అవసరం, మీ నేస్తం అవసరం కాదు.

గాలిపటం:
ఒప్పుకుంటున్నా, ఈ వివరణ బాగుంది. కానీ అదే సమస్యకు తమరు హంపి విఠలాలయంలోని సంగీత స్తంభాల్ని తెచ్చారు. ఆ స్తంభాలు తడితే మోగుతాయి, కరగవు. "కరిగి" అన్న మాట మీ పూరణలో దిక్కులేకుండా మిగిలిపోయింది. అప్పుడు మర్యాద కొద్దీ ఊరుకున్నాను.

తంగేడు (నిర్వాహకురాలు):
రాయి సమస్య ముగిసింది. చుక్క దగ్గరికి రండి.

చిత్రలేఖ:
చుక్క అంటే గుర్తొచ్చింది, చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా (1922–2016) గురించి ఎవరైనా రాస్తారేమో అని ఎదురుచూస్తున్నాను. చిన్నప్పుడు చదువు మీద మనసు నిలవకపోతే ఆయన ఉపాధ్యాయుడు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నాడని ఆయనే చెప్పుకున్నారు. ఎన్నో ఏళ్ల తరవాత ఆ చుక్కే బిందువై ఆయన బొమ్మల మధ్యలోకి వచ్చి కూర్చుంది. నల్లటి ఆ వృత్తం ముందు నిలబడితే లోపలికి ఎంత దూరం ఉందో తెలియదు. ఈ సమస్యకు అంతకంటే పెద్ద పూరణ నాకు కనబడటం లేదు.

పాదరసం:
రజాను మీకే వదిలేశాను. నేను చుక్కలతో బొమ్మలు వేసిన ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ సూరా దగ్గరికి వెళ్లాను.

బొట్టు పక్క బొట్టు పెట్టిన చిత్రాన
దగ్గరైన రంగు, దవ్వు బొమ్మ;
అడుగు వెనుక వేసి యచ్చెరువడి కంటి:
చుక్కలోన నింగి చిక్కుకొనియె

గాలిపటం:
"దగ్గరైన రంగు, దవ్వు బొమ్మ"! దగ్గరికి వెళితే రంగే, దూరం నుంచైతే బొమ్మ. అయిదు గణాల్లో ఆ చిత్రకళ అంతా వచ్చేసింది. ఈ ఒక్క పాదం కోసం నా పద్యం ఇచ్చేస్తాను.

అరసున్న:
ఆ పాదం గొప్పదే. నేనూ రెండుసార్లు పైకి చదువుకున్నాను. కానీ ఆ తరవాతి తర్కం చూడండి. బొట్టు పక్క బొట్టు చేరితేనే కదా బొమ్మ? అప్పుడు నింగి చుక్కల్లో ఉంది, చుక్కలో లేదు. సమస్య ఏకవచనంలో ఉంది. పూరణ బహువచనం దాకా వెళ్లి ఆగిపోయింది.

చిత్రలేఖ:
సూరాను తలచుకుంటే ముందు లా గ్రాండ్ జాట్ దీవిలో ఆదివారం బొమ్మే గుర్తొస్తుంది. 1884 నుంచి 1886 దాకా పట్టింది దానికి. సుమారు రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు. అందులో నదీ, పచ్చికా, చెట్ల నీడా ఎక్కువ. ఆకాశానికి పెద్దగా చోటు లేదు. అయినా అరసున్న గారితో నాకు ఒక చోట పేచీ ఉంది. పక్కపక్కన ఉన్న రెండు రంగుల్ని కలిపేది కన్నే అని సూరా నమ్మకం. ఒక నీలపు చుక్కను తీసేస్తే ఆ చోట ఆకాశం కాస్త తగ్గుతుంది. తగ్గిందంటే ఆ చుక్కలో ఉన్నట్టే కదా!

అరసున్న:
కొంత ఆకాశం ఉన్నట్టు. మొత్తం కాదు. మంచి వాదనే అమ్మా, ఆలోచిస్తాను.

కొత్తచిగురు:
నమస్కారం అండీ. ఇక్కడ నా మొదటి పద్యం. కాస్త టెన్షన్‌గానే పెడుతున్నాను.

రాయ రాక కలము రాల్చిన సిరాలోన
మాట కొరకు వెదకి మసలుచుంటి
నూరకుండి చూడ నొక్క పద్యము పుట్టె
చుక్కలోన నింగి చిక్కుకొనియె

అరసున్న:
"రాల్చిన సిరాలోన." సి లఘువు, రా గురువు. నాలుగో గణం దాటగానే కాలు జారింది.

గాలిపటం:
కాలు జారిందని చెప్పి వెళ్లిపోతే ఎలా మాష్టారూ, చెయ్యి కూడా ఇవ్వాలి. కొత్తచిగురు గారూ, "రాల్చు సిరాలోన" అనండి. ఒక్క అక్షరం పోతుంది, రెండు గణాలూ చక్కగా నిలబడతాయి. అర్థం కూడా మెరుగవుతుంది. "రాల్చిన" అంటే అయిపోయింది. "రాల్చు" అంటే ఇంకా రాలుతూనే ఉంది.

మూడో పాదం ఎవరూ పట్టించుకోలేదు. "ఊరకుండి చూడ" అన్నది ఈ చర్చ మొత్తంలో నాకు బాగా నచ్చిన మాట. వెదుకుతున్నంతసేపూ దొరకలేదు, ఊరుకుని చూస్తే దొరికింది. మేమంతా చుక్క ఏమిటో చెప్పాం, మీరు దాన్ని ఎలా చూడాలో చెప్పారు.

కొత్తచిగురు:
ధన్యవాదాలండీ, "రాల్చు" అని మార్చేశాను. నిజంగానే అలా జరిగింది. సమస్య చూసి కాగితం ముందు కూర్చుంటే ఏమీ రాలేదు. కలం మొన ఒకే చోట ఆనించి ఉంచితే సిరా ఊరి చుక్క పెద్దదవుతూ వచ్చింది. దాని అంచు కాగితం పీచుల వెంబడి సన్నగా పాకడం చూస్తూ ఉండిపోయాను. పద్యం అక్కడి నుంచే వచ్చింది.

గరిక:
ఇదే నేనూ చెబుదామనుకున్నాను. ఈ పాదం చదివినప్పటి నుంచి చేతి మీద పడ్డ నీటిబొట్టును కూడా తుడవకుండా చూస్తున్నాను. అంట్లు తోముతుంటే నురగ బుడగలో కిటికీ కనబడింది, వంకర తిరిగి. ఆకాశం అందులో ఇంద్రధనుస్సు రంగుల్లో ఉంది.

పాదరసం:
నురగ బుడగ మీద ఎవరైనా రాస్తే బాగుండు. నేను సూరాను వదిలి అటు వెళ్లేవాణ్ణి.

అరసున్న:
ఇందరు రాశాక నేనూ ఒకటి.

పాత పాట వినగ పట్టరానంతగా
కంటి కొలికి నొకటి కదలి నిలిచె;
మసక మసకగాను మబ్బులు కనిపించె
చుక్కలోన నింగి చిక్కుకొనియె

గాలిపటం:
మాష్టారూ!

"కంటి కొలికి నొకటి" అన్నారు. ఏమిటన్నది చెప్పలేదు. కన్నీరు అన్న మాట పద్యంలో ఎక్కడా లేదు, పద్యమంతా అదే ఉంది. మేమంతా చుక్కను ఎదురుగా పెట్టుకుని చూశాం, మీరు చుక్క లోపలి నుంచి ఆకాశాన్ని చూశారు. నేను తలకిందులు చేసి చూపించిన దానికన్నా ఇది పెద్ద తిరగవేత. మీ పద్యాల్లో నేను దాచుకునేది ఇదే అవుతుంది.

ఒక్క మాట. "మసకగాను" లో "గాను" గణపూరణానికే వచ్చింది.

అరసున్న:
"తలలు" మానండి, "గాను" మానేస్తాను.

చిత్రలేఖ:
ఏ పాట మాష్టారూ?

అరసున్న:
అది చెప్పను. ఎవరి పాట వారిదే ఉండాలని పేరు పెట్టలేదు.

తంగేడు (నిర్వాహకురాలు):
ఈ వారం నా మెప్పు రెండింటికి. చమత్కారానికి గాలిపటం గారి కిటికీ, దాని తరవాత రావాల్సిన నిశ్శబ్దానికి అరసున్న గారి పాట. పాదంగా విడదీసి దాచుకోవాల్సింది పాదరసం గారి రెండో పాదం. కొత్తచిగురు గారు వచ్చే వారం కూడా తప్పకుండా రావాలి.

వచ్చే వారానికి:

*కన్ను మూయ నపుడె కానవచ్చె*

అరసున్న:
మూయన్ + అపుడెనా (మూస్తే అప్పుడే), మూయని + అపుడెనా (మూయనప్పుడే)? రెండోదైతే ఆ సంధి వాడుక భాషది, పద్యంలో నేను ఒప్పుకోను. ముందే తేల్చి ఇవ్వండి.

గాలిపటం:
దయచేసి తేల్చకండి!