తెలుగు పుస్తకం వెతకడానికి యాప్‌లు పనికొస్తాయా?

గోదారిగట్టు:
చదివిన పుస్తకాలన్నీ ఒక సైట్‌లో నమోదు చేసుకుంటూ ఉంటాను. ఇంగ్లీషులో అది చూపించే కొత్త పుస్తకాలు చాలావరకు నచ్చుతాయి. తెలుగు కథా సంపుటాలకు రేటింగ్ ఇచ్చినా మాత్రం మళ్లీ ఇంగ్లీషు థ్రిల్లర్లే ముందుకొస్తాయి. తెలుగు పాఠకుడికి ఇవి దండగ, బాగా చదివే మనిషిని అడగడమే నయం అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు:
దండగ అనకండి, దాని పద్ధతే వేరు. పుస్తకాలు సూచించడానికి అమెజాన్ 1998లో మొదలుపెట్టిన విధానం పుస్తకం లోపల ఏముందో చూడదు. ఇది కొన్నవాళ్లు ఇంకేం కొన్నారు అన్నదే దానికి కావాలి. మన కథా సంపుటం ఐదొందలో వెయ్యో కాపీలు వేస్తారు. అందులో చాలా భాగం పుస్తక ప్రదర్శనలోనో, రచయిత చేతి మీదుగానో పోతాయి. ఆ అమ్మకాల సంగతి ఏ సైట్‌కు తెలుస్తుంది? చాలావాటికి ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు కూడా ఉండదు. పైగా పేరు ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కాబట్టి ఒకే పుస్తకం రెండు మూడు పేజీలుగా చీలిపోతుంది. దేనికీ నాలుగు రేటింగులు మించవు. మేత వేయకుండా పాలివ్వలేదంటే ఎలా?

గోదారిగట్టు:
తప్పెవరిదైతేనేం మాస్టారూ, నాకు పుస్తకం దొరకలేదుగా.

కాచిగూడ క్రాస్‌రోడ్స్:
అమెజాన్ వాళ్ల ఈ-బుక్ సర్వీసు కిండిల్ 2016లో భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. వాళ్ల లెక్కల్లో మనం వెనకపడటం అక్కడే మొదలైంది. నా ఓటు షాపుకే. కాచిగూడ నవోదయ లాంటి చోట అరల ముందు అరగంట నిలబడితే, మనం వెతకని పుస్తకం కూడా చేతికొస్తుంది. యాప్ నిన్న చదివినదాని తమ్ముణ్నే చూపిస్తుంది.

నిద్రరాని పిల్ల:
నేను డల్లాస్‌లో ఉంటానండీ, ఇక్కడ కాచిగూడ ఎక్కడిది? పోనీ తెలిసిన పెద్దవాళ్లను అడిగితే, వాళ్లు కాలేజీ రోజుల్లో చదివినవే మనకూ అంటగడతారు. (మా బాబాయి ఇది చదవకపోతే బావుణ్ను.) ఇంగ్లీషుకు స్టోరీగ్రాఫ్ అనే పుస్తకాల యాప్ వాడతాను. ఏ మూడ్‌లో ఉన్నది కావాలి, మెల్లగా సాగాలా, వేగంగా సాగాలా అని ఎంచుకోవచ్చు. తెలుగుకు వేరే దారి పట్టాను. నచ్చిన కథలేమిటో, ఎందుకు నచ్చాయో చాట్‌బాట్‌కు రాసి, పుస్తకాల పేర్లు అడగకుండా నా అభిరుచిని వర్ణించమన్నాను. చిన్న ఊళ్లు, వ్యంగ్యం, విడమరిచి చెప్పని ముగింపులు అంది. నాకే తెలియని విషయం! ఆ మాటలు పట్టుకుని పుస్తకం.నెట్‌లో సమీక్షలు వెతికాను. అక్కడ దొరికిన సంపుటం ఒకటి రాత్రి మూడింటి దాకా చదివించింది.

లెక్కల మాస్టారు:
పేర్లు అడక్కపోవడమే మంచిదైంది. 2025 మేలో అమెరికా పత్రిక షికాగో సన్-టైమ్స్‌తో పాటు వచ్చిన వేసవి పుస్తకాల జాబితాలో 15 పేర్లుంటే, 10 అసలు లేని పుస్తకాలు. ఏఐతో రాయించి సరిచూడలేదు. రచయితలు నిజం, పుస్తకాలు కల్పితం. ఇంగ్లీషుకే ఆ గతి పడితే, వెబ్‌లో అంతంతమాత్రంగా ఉన్న తెలుగు పుస్తకాల గురించి అది ఎన్ని పుట్టిస్తుందో ఊహించుకోండి.

గోదారిగట్టు:
ఆ సమీక్షలు రాసింది మనుషులే కదమ్మా. అంటే నా మాటే నెగ్గినట్టు.

నిద్రరాని పిల్ల:
వెతకడానికి మాటలిచ్చింది మనిషి కాదుగా! సరే, పందెం. మీకు నచ్చిన సంపుటాలు, ఎందుకు నచ్చాయో ఇక్కడ రాయండి. నేను నా పద్ధతిలో ఒకటి వెతుకుతాను, కాచిగూడ గారు షాపులో అడిగి ఒకటి చెబుతారు. ఏది ఏ దారిన వచ్చిందో మీకు ముందు చెప్పం. రెండూ చదివి, ఏది నచ్చిందో మీరే తేల్చండి.

కాచిగూడ క్రాస్‌రోడ్స్:
నేను రెడీ. ఆదివారం దాకా టైమివ్వండి.