మినుము బుడిపెల్లో నల్లటి చుక్కలు: మొక్క తిండిని బ్యాక్టీరియా దాచేసుకుంటోందా?

గుంటూరు లెక్చరర్
డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెబుతాను. తెనాలి వైపు వరి కోసిన మాగాణిలో మినుము మొక్కలు పీకి తెచ్చాం. గాలిలోని నత్రజనిని మొక్కకు పట్టిచ్చే బ్యాక్టీరియా కాపురముండే వేరు బుడిపె కోస్తే లోపల మంచి ఎరుపు. స్లైడు మీద నలిపి, మంట మీద ఆరబెట్టి, కొవ్వును నల్లగా పట్టే సుడాన్ బ్లాక్ రంగు పోసి, జైలీన్‌తో కడిగి, చివర గులాబీ రంగు సాఫ్రనిన్ వేశాం. గులాబీ రంగు బ్యాక్టీరియా లోపల నల్లటి చుక్కలు; కొన్నింటిలో కణమంతా అవే. పాఠ్యపుస్తకమేమో ‘పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్, నిల్వ పదార్థం’ అని చేతులు దులుపుకుంది. ఒక అమ్మాయి అడిగింది: “మొక్క తిండి పెట్టేది నత్రజని కోసం కదా మేడమ్, ఇది దాచుకుంటే మొక్కకు నష్టమే కదా?” ఏం చెప్పమంటారు?

మొగల్రాజపురం పెద్దాయన
ఆ అమ్మాయికి నా తరఫున ఒక పెన్ను కొనివ్వండి. సగం నిజం పట్టేసింది.

మొక్క ఆకుల్లో చేసిన చక్కెర బ్యాక్టీరియాకు చేరేసరికి ఎక్కువగా మాలిక్ ఆమ్లంగా మారి ఉంటుంది. దాన్ని పూర్తిగా మండించాలంటే ఆక్సిజన్ కావాలి. కానీ ఆక్సిజన్ తగిలితే నత్రజనిని పట్టే ఎంజైము నైట్రోజినేజ్ పాడవుతుంది కాబట్టి బుడిపెలో ఆక్సిజన్ చాలా తక్కువగా ఉంటుంది. మీరు చూసిన ఎరుపు ఆ కాపలా కాసే లెగ్‌హీమోగ్లోబిన్‌దే. గాలి ఆడని పొయ్యిలో కట్టె మిగిలినట్టు ఇక్కడ, తిండిని చివరిదాకా మండించే క్రెబ్స్ చక్రం మందగించి, అందులోకి వెళ్లాల్సిన అసిటైల్ కో-ఎ అనే ముక్క మిగులుతుంది. ఆ మిగులును మూడు ఎంజైములు వరసగా జతకట్టి, క్షయకరణం చేసి, గొలుసుగా అల్లుతాయి. అవే మీ చుక్కలు. సోయా బుడిపెల్లో ఇది బ్యాక్టీరియా పొడి బరువులో సగం దాకా పోగవుతుంది.

అయితే మిగులు ఒక్కటే కారణం కాదు. మినుము, సోయా, అలసంద బుడిపెలు కుళ్లినప్పుడు లోపలి బ్యాక్టీరియా చాలావరకు బతికి మట్టిలోకి వస్తుంది. అక్కడ పిలిచి అన్నం పెట్టేవారు లేరు, దాచుకున్నదే దిక్కు. బఠాణీ, మెంతి, పశుగ్రాసం లూసర్న్‌లలో కథ వేరు. మొక్క తన పెప్టైడ్లతో (చిన్న ప్రోటీన్ ముక్కలతో) బ్యాక్టీరియాను ఉబ్బించి, మళ్లీ విభజన చెందకుండా చేసేస్తుంది. తిరిగి వెళ్లే దారే లేనివి ఎవరి కోసం దాచాలి? ముదిరిన కణాల్లో చుక్కలు దాదాపు కనబడవు.

మెంతి మడి మట్టి తెచ్చి కుండీలో నాలుగు గింజలు చల్లండి. బుడిపెను నిలువుగా కోసి, కొనకు దగ్గరి భాగాన్నీ లోపలి భాగాన్నీ విడివిడిగా నలపండి. కొన దగ్గర, ఇంకా లేతగా ఉన్నచోట చుక్కలు దొరకాలి.

రసాయనం వాడిని
ఒక సవరణ. సుడాన్ బ్లాక్ ఏ కొవ్వు కనబడినా నల్లగానే పట్టుకుంటుంది. అది పాలీహైడ్రాక్సీబ్యూటిరేటే (పీహెచ్‌బీ) అనాలంటే క్లోరోఫాంలో తీసి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడి చేయండి. క్రోటోనిక్ ఆమ్లంగా మారి 235 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. పిల్లల చేతికి ఆ ఆమ్లం ఇవ్వకండి, మీరే చేయండి.

తెనాలి మాగాణి
పెద్దాయనా, అయితే ఈ చుక్కలు చేయని బ్యాక్టీరియా రకాన్ని ప్యాకెట్లో పెట్టి అమ్మితే మా మినుముకు లాభమా?

మొగల్రాజపురం పెద్దాయన
అంత తేలిక కాదు తమ్ముడూ. ఫ్రెంచి చిక్కుడు మీద పనిచేసే రైజోబియం ఎట్లి అనే బ్యాక్టీరియాలో ఈ చుక్కల గొలుసును అల్లే జన్యువును చెడగొడితే, 1996లో వచ్చిన ఫలితం ప్రకారం నత్రజని స్థిరీకరణ పెరిగింది, ఎక్కువ రోజులు సాగింది కూడా. సంబరపడేలోపే కాండం మీద బుడిపెలు వేసే ఆఫ్రికా జీలుగ బ్యాక్టీరియాలో అదే పని చేశారు. ఆ బుడిపెలు నత్రజనిని పట్టనే లేదు. లూసర్న్ బ్యాక్టీరియాలో చెడగొడితే మామూలు వాటితో పోటీకి నిలవలేకపోయింది. మీ మాగాణి మట్టిలో పాత బ్యాక్టీరియా లక్షలుగా కాచుకుని ఉంటుంది. ప్యాకెట్లో వచ్చింది ఎంత పనిమంతురాలైనా ముందు వేరులో చోటు దక్కించుకోవాలి కదా.

తెనాలి మాగాణి
చోటు దక్కాలంటే మేమేం చేయాలి మరి?

మొగల్రాజపురం పెద్దాయన
గడువు దాటని ప్యాకెట్ కొనండి, కారు డిక్కీలో ఎండకు ఉడికించకండి. మందులతో విత్తనశుద్ధి ఉంటే అది ముందు, బెల్లం నీళ్లతో ప్యాకెట్లోని రైజోబియం పట్టించడం చివర. నీడలో ఆరబెట్టి వెంటనే చల్లండి. యూరియా గుప్పిస్తే మొక్క బుడిపెలే తగ్గించుకుంటుంది.

గుంటూరు లెక్చరర్
మెంతులు నానబెట్టాను. క్లోరోఫాం పని నాది, పెన్ను ఖర్చు పెద్దాయనది.