అమ్మతో ఒక చలికాలపు ఆదివారం: ఉప్పలపాడు వెళ్లొచ్చా?

నేను విజయవాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మాది హిందూపురం వైపు. డిసెంబరు చివర్లో అమ్మ మొదటిసారి నన్ను చూడ్డానికి వస్తోంది. ఆమెకు మోకాళ్ల నొప్పి, ఎక్కువ మెట్లెక్కలేదు. అందుకే ఉండవల్లి గుహలు వద్దనుకున్నాను. నాలుగంతస్తుల కొండరాతిలో తొలిచిన ఆ శయన విష్ణువును చూపించలేకపోవడం బాధగానే ఉంది.

శనివారం సంగతి తేలికే. పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద మంచు విడిపోకముందే కాసేపు నిలబడతాం. ఈ చలికాలంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే: కృష్ణ కనిపించదు, నీళ్ల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. తర్వాత అల్లం టీ. సాయంత్రం బీసెంట్ రోడ్డు, వేడి పునుగులు.

ఆదివారం గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు తీసుకెళ్లాలని ఉంది. మా వైపు వీరాపురానికి ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. వాటిని ఊరివాళ్లు పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. అమ్మ వాటిని చూస్తూ పెరిగింది. ఉప్పలపాడులోనూ అవే కొంగలు, గూడబాతులతో కలిసి కనిపిస్తాయి కదా.

గుంటూరు బస్టాండు నుంచి అక్కడికి బస్సు నయమా, షేర్ ఆటోనా? పక్షులు ఎక్కువగా కనిపించేది పొద్దునా, అవి గూటికి చేరే సాయంత్రమా? డిసెంబరులో బాగా ఉంటాయా, లేక అమ్మను జనవరిదాకా ఆగమని చెప్పాలా? అమ్మ కూర్చుని చూసే వీలుందా? ఇద్దరికీ కలిపి నా దగ్గర ఎనిమిది వందలున్నాయి. ఈమధ్య వెళ్లొచ్చిన అన్నలు, అక్కలు దయచేసి చెప్పండి.