సామాను లెక్క: నాణేల బరువు తీసేసి స్లాట్లు పెట్టొచ్చా?

కాగడా_బంటు:
1981 నాటి డీ అండ్ డీ (పాత్రలు ఎంచుకుని పాచికలతో ఆడే సాహసాల ఆట) బేసిక్, ఎక్స్‌పర్ట్ రూల్స్‌తో ఆడుతున్నాం. ప్రతి వస్తువు బరువూ ఎన్ని నాణేలంతో రాయమంటే క్యారెక్టర్ షీట్‌లో ఎవరూ రాయరు. అందుకని పాత్ర బలం స్కోరు ఎంతుంటే అన్ని స్లాట్లు, అంటే సామాను గడులు. ప్లేట్ కవచం 3, డాలు 1, కత్తి 1, మూడు టార్చులకి 1, వంద నాణేలకి 1. నిండితే ఇక మోయలేరు. లోపాలుంటే చెప్పండి.

పాత_పాచిక:
లోపమేముంది, ఆటే పోతుంది. పుస్తకం ప్రకారం ప్లేట్ బరువు 500 నాణేలు, డాలు 100, కత్తి 60, చిల్లర సామానంతా కలిపి 80. మొత్తం 740. 800 దాటితే టర్న్‌కి (ఆటలో పది నిమిషాలు) 60 అడుగులు పోయేవాడు 30కి పడిపోతాడు. అంటే ఇంకో 60 నాణేలు ఎత్తాక ప్రతిదీ బేరమే. 1600 దాకా మోయొచ్చు, ఈడ్చుకుంటూ. 360 అడుగుల దారి బరువు లేనివాడి 120 వేగంతో 3 టర్న్‌లు, 30 వేగంతో 12. రాక్షసులు ఎదురవుతారా లేదా అని రెండు టర్న్‌లకోసారి పాచిక వేస్తాం కదా: అక్కడ ఒక్కసారి, ఇక్కడ ఆరుసార్లు. ఆరింట్లో ఒక్కసారైనా తగిలే అవకాశం మూడింట రెండొంతులు. టార్చులు కూడా రెండు కాలిపోతాయి. మీ స్లాట్లలో ఇదంతా ఎక్కడుంది?

గోతాం:
మూడు టార్చులకి ఒక్క స్లాటా? ఒక్కోటి 6 టర్న్‌లు, గంటసేపు వెలుగుతుంది. రెండు స్లాట్లిస్తే ఆరు గంటలు. ఇక చీకటంటే భయమెవరికి? టార్చుకో స్లాట్ పెట్టండి.

కాగడా_బంటు:
బలం 12 అనుకోండి. కవచం, డాలు, కత్తికి 5 పోయాయి. టార్చులకి 6, తాడుకి 1. బంగారం నెత్తిన పెట్టుకోవాలా?

గోతాం:
కూలీని పెట్టుకోవాలి. కంచర గాడిదైతే వేగం తగ్గకుండా 2000 నాణేలు మోస్తుంది. అవి రూల్స్‌లో ఉన్నది అందుకే.

సున్నా_హెచ్‌పీ:
పది అడుగుల గెడ ఏ స్లాట్‌లో పడుతుంది? 😄

కాగడా_బంటు:
పాచిక గారూ, ఆ 740 కాగితం మీద బానే ఉంటుంది. 3000 వెండి నాణేలు దొరికాయనుకోండి. విలువ 300 బంగారం, బరువు మాత్రం 3000. ఎవరి సంచిలో ఎంత అన్న కూడికలన్నీ చివరికి ఆట నడిపే డీఎమ్ నెత్తినే పడతాయి. వేగమే కావాలంటే సగం నిండితే 90, ముప్పావు నిండితే 60, పూర్తిగా నిండితే 30. సరేనా?

పాత_పాచిక:
ఈ రూల్ కొత్త క్యాంపెయిన్‌కా (వారాల తరబడి సాగే ఆట), నడుస్తున్నదానికా?

కాగడా_బంటు:
నడుస్తున్నదే. అందరూ మూడో లెవెల్. అయితే ఏంటి?

పాత_పాచిక:
అయితే ఏంటా! ఆ పుస్తకంలో బరువుకీ బలానికీ సంబంధమే లేదు. బలం 8 ఉన్న దొంగకీ, 16 ఉన్న యోధుడికీ అవే హద్దులు. అది చూసుకునే కదా బలం తక్కువొచ్చినవాడు దొంగని ఎంచుకున్నాడు. ఇప్పుడొచ్చి నీకు ఎనిమిదే అంటారా? మా టేబుల్ దగ్గరా ఇలాగే మధ్యలో మార్చారు, ఒక్క మాట అడగలేదు.

గోతాం:
బంగారానికొచ్చే ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) అందరికీ సమానంగానే పంచుతారుగా, ఎవరు మోస్తే ఏం?

పాత_పాచిక:
పంచేది బయటికి తెచ్చినదాన్ని. తాళాల పనిముట్లు, తాడు, మేకులు, బాకు పెట్టుకున్నాక ఆ దొంగ తెచ్చేదెంత?

కాగడా_బంటు:
మీ గొడవ స్లాట్ల మీద కాదన్నమాట. వారంవారం ఆట సిద్ధం చేసేది నేను. మనం సొంతంగా పెట్టుకునే ప్రతి హౌస్ రూల్‌కీ ఓటింగ్ పెట్టమంటారా?

పాత_పాచిక:
క్యారెక్టర్లు తయారయ్యాక మార్చే ప్రతిదానికీ పెట్టాలి. తయారుకాకముందు మీ ఇష్టం.

నీలిదీపం:
బలం లేదా 10, ఏది ఎక్కువైతే అన్ని స్లాట్లు ఇవ్వండి. షాడోడార్క్ అనే ఇంకో ఆటలో అంతే. అందులో మొదటి వంద నాణేలకి స్లాట్ కూడా అక్కర్లేదు.

కాగడా_బంటు:
సరే, 10కి తగ్గకుండా ఇస్తా. టార్చులు మాత్రం స్లాట్‌కి మూడే.

పాత_పాచిక:
దొంగ ఆడేవాణ్ణి అడిగారా లేదా అన్నదానికి ఇంకా జవాబు రాలేదు.